సొంత ఇంజిన్ కథ

చేత్తో కార్లు చేసే చిన్న కంపెనీలంటే నాకు ప్రాణం. వాటిలో టీవీఆర్ మీద ఇంకాస్త మమకారం ఎక్కువ. ఇంగ్లాండులో సముద్రం ఒడ్డున ఉన్న విహారయాత్రల ఊరు బ్లాక్‌పూల్. అక్కడ ట్రెవర్ విల్కిన్సన్ 1940ల్లో మొదలుపెట్టిన వర్క్‌షాపే తర్వాత టీవీఆర్ అయింది. 1981లో దాన్ని పీటర్ వీలర్ కొన్నాడు. ఆయన కెమికల్ ఇంజినీరు, అంతకుముందు ఆ కార్లు నడిపిన కస్టమరు కూడా.

స్టీలు గొట్టాలు వెల్డింగ్ చేసి ఛాసిస్ కట్టేవారు. దానిమీద ఫైబర్‌గ్లాస్ బాడీ. రేకు కార్లకు కావలసిన భారీ ప్రెస్సులు, డైలు అక్కర్లేదు కాబట్టి మనసుకు నచ్చిన ఆకారం చేసుకోగలిగారు. వాళ్ల సెర్బెరా అనే కారు తలుపుకు బయట పిడే ఉండదు. సైడు అద్దం కింద బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. ఇంత ముచ్చటపడి చేసిన కార్లలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు పెట్టడానికి మాత్రం వీలర్ ఒప్పుకోలేదు. అవి ఉంటే డ్రైవరుకు అతిధీమా వస్తుందనేవాడు. ఆ వాదన నాకు మింగుడుపడదు.

ఇంజిన్ మాత్రం చాలాకాలం రోవర్ అనే మరో కార్ల కంపెనీది, ఎనిమిది సిలిండర్ల వీ8. 1994లో రోవర్ బీఎండబ్ల్యూ చేతికి వెళ్లింది. ఇక ఇంకొకరి దయమీద బతకడం వద్దనుకున్నాడు వీలర్. ఇంజిన్ డిజైనర్ ఆల్ మెల్లింగ్‌తో కలిసి సొంత వీ8 తెచ్చాడు, ఆ తర్వాత ఆరు సిలిండర్ల స్పీడ్ సిక్స్. అంత చిన్న కంపెనీ అలాంటి సాహసం చేసిందంటే ఈనాటికీ ఒళ్లు పులకరిస్తుంది.

దెబ్బ కూడా అక్కడే తగిలింది. క్యామ్‌కూ, అది తెరిచే వాల్వుకూ మధ్య వేలంత ముక్క ఒకటి ఉంటుంది. క్యామ్ నిమిషానికి వేలసార్లు దాన్ని తొక్కుతుంది. తొలినాళ్ల స్పీడ్ సిక్స్‌లలో చాలావాటికి ఆ ముక్కలు, వాల్వు గైడ్లు త్వరగా అరిగిపోయాయి. ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయాల్సి వచ్చేది. పెద్ద కంపెనీలు నెలల తరబడి టెస్ట్ బెంచ్ మీద ఇంజిన్లను నలగ్గొట్టి గానీ బయటికి వదలవు. ఇక్కడ ఆ పరీక్ష కొన్నవాడి నెత్తిన పడింది. సొంత ఇంజిన్ చేయాలన్న పట్టుదల తప్పు కాదు, దాన్ని అంత తొందరగా అమ్మడం తప్పు.

2004లో వీలర్ కంపెనీని 24 ఏళ్ల రష్యన్ కుర్రాడు నికొలాయ్ స్మొలెన్‌స్కీకి అమ్మేశాడు. 2006లో బ్లాక్‌పూల్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోయింది. తర్వాత వచ్చిన యజమానులు 2017లో ఇంగ్లాండులోని గుడ్‌వుడ్‌లో గ్రిఫిత్ అనే కొత్త కారును చూపించి డిపాజిట్లు తీసుకున్నారు. డిజైన్ పేరుమోసిన కార్ల డిజైనర్ గోర్డన్ ముర్రేది, ఇంజిన్ ఫోర్డ్ వాళ్లది. ఏళ్లు గడిచినా ఒక్క కారు కూడా కొన్నవాళ్ల ఇంటికి చేరలేదు.