'మాలపల్లి': ఫిర్యాదుకు చోటు లేని రాజ్యం

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని విమర్శకులు సాధారణంగా గాంధేయ నవలగా పరిశీలించారు. తొండియార్‌పేటలో తెలుగు చదువుకొనే విద్యార్థికి అది గుంటూరు సీమకు చెందిన దూరపు కథగా తోచవచ్చు. కాని ఉన్నవ దానిని రాసింది వేలూరు జైలులో. 1922లో వెలువడిన ఆ నవలను నిషేధించింది మద్రాసు ప్రభుత్వం. దాని పీఠమైన సెయింట్ జార్జి కోట తొండియార్‌పేటకు కొద్ది మైళ్ల దూరమే.

నవలలోని సంఘర్షణకు మూలాలు కులం, కూలి. పాలేరు సంగదాసు యజమాని చౌదరయ్య చేతి దెబ్బకు మరణిస్తాడు. సోదరుడు వెంకటదాసు దొంగల నాయకుడవుతాడు. తండ్రి రామదాసు కుటుంబం సెటిల్‌మెంటు పాలవుతుంది. మనం గమనించవలసిందేమంటే, ఫిర్యాదు వినవలసిన ప్రతి చోటా వీరికి శిక్షే ఎదురవుతుంది. పోలీసు, కోర్టు, సెటిల్‌మెంటు, జైలు: నవల నడకను నిర్ణయించేది ఈ వరుసే. సంఘర్షణ రాజ్యానికి శత్రువు కాదనీ, దానిని వినకపోవడమే రాజ్యాన్ని చెడగొడుతుందనీ ఈ కథ నిరూపిస్తుంది. భాష కూడా ఇందులో భాగమే. పాలేరు మాట అతని నోటి తీరులో అచ్చయినప్పుడు అది అర్జీ రాసేవాని మాటగా మారిపోదు.

నవల వెలువడడానికి ముందటి ఏడు, 1921లో, పెరంబూరు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల సమ్మె జరిగింది. సవర్ణ కార్మికులకూ ఆదిద్రావిడ కార్మికులకూ మధ్య పులియాంతోపులో ఘర్షణలు చెలరేగాయి. పోలీసులు కాల్పులు జరిపారు. అప్పటికే జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఉంది. కాని ద్వంద్వ పాలనలో పోలీసు శాఖ దాని చేతిలో లేదు. పార్టీ నాయకుడు, మనం గర్వంగా చెప్పుకొనే తెలుగువాడు పిట్టి త్యాగరాయశెట్టి, ప్రభుత్వం ఆదిద్రావిడులను వెనకేసుకొస్తున్నదని నిందించారు. ఎం.సి. రాజా దానిని ప్రతిఘటించారు. వోటు ఒక్కటే వినే చెవిని ఇవ్వదని ఇక్కడ తేలుతుంది.

నవలకు ఒక పరిమితి ఉంది. పరిష్కారానికి అది సంస్థల కంటె హృదయ పరివర్తనను ఎక్కువగా నమ్ముకొన్నది. యజమాని మనసు మారేదాకా కూలివాడు ఎందుకు వేచి ఉండాలి? ఈ ప్రశ్నకు నవలలో సంతృప్తికరమైన జవాబు లేదు. అయినా ప్రశ్న పుట్టించింది ఆ నవలే. 1937లో ఎన్నికైన రాజాజీ ప్రభుత్వ కాలంలో నిషేధం తొలగింది. తనను తప్పుపట్టే పుస్తకాన్ని చదవనివ్వడం సుపరిపాలనకు తొలి పరీక్ష. మనవాళ్లను తప్పుపట్టే చరిత్రను కూడా చదవగలగడం మన పరీక్ష.