చెప్పులు కుట్టుచు చెప్పిన కథలు

పాశ్చాత్య మిషనరీలు మన దేశమును గూర్చి వ్రాసిన గ్రంథములు కొల్లలుగా నున్నవి. వానిలో పెక్కింటిని ఒకమారు చదివినవారు రెండవమారు తెరువరు. అవి సముద్రమున కావలనున్న విరాళదాతల కొరకు వ్రాయబడినవి. ఎన్ని గ్రామములు తిరిగితిమి, ఎందరికి బాప్తిస్మ మిచ్చితిమి, ఇంకను ఎంత ద్రవ్యము కావలయును అనునవియే వానిలో ప్రధాన విషయములు. దొర మాటలాడుచుండును; తెలుగువాడు వినుచుండును. ఈ వరుసను తలక్రిందులు చేసిన గ్రంథ మొకటి కలదు. అది 1899లో వెలువడిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’. ఇందు మాదిగ పెద్దలు మాటలాడుదురు, దొరసాని వినును. ఇటీవలి కాలమున నిది తెలుగులోనికి గూడ వచ్చినది గనుక, ఆంగ్లము రాని చదువరులును దీని మంచిచెడ్డలను తామే విచారింప వచ్చును.

గ్రంథకర్త్రి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఈమె అమెరికాలో స్థిరపడిన జర్మను పండితకుటుంబమున జన్మించి, 1882లో ఒంగోలు మిషనునకు వచ్చినది. 1894లో ఆ మిషనునకు అధిపతియైన జాన్ క్లౌను వివాహమాడెను. క్రైస్తవ ధర్మమును కార్మికుల కష్టములతో ముడివెట్టి బోధించి ప్రసిద్ధి కెక్కిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఈమె సోదరుడు. స్త్రీల హక్కులకై వాదించిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టును గూర్చి పరిశోధించి బెర్న్ విశ్వవిద్యాలయమున ఈమె డాక్టరు పట్టమును పొందినది. ఇట్టి విదుషి మాదిగపల్లెలోని వృద్ధుల నోటినుండియు, సంఘబోధకుల నోటినుండియు కథలను సేకరించి కూర్చినది ఈ గ్రంథము. పనివాడు చెప్పులు కుట్టుచు, చేయి ఆపకయే తన వారి కథ చెప్పుకొనునట్టి తీరు దీని పేరులోనే కలదు.

గ్రంథము మతము మారుటతో మొదలు కాదు. ఇదియే దీని మొదటి గుణము. మాదిగల పుట్టుకను గూర్చిన గాథలు, వసిష్ఠుని యిల్లాలైన అరుంధతి తమ యాడుబిడ్డయే యను వారి యభిమానము, మాతంగి కొలువు ముందుగా వచ్చును. దేవత పూనినదని నమ్మబడు మాతంగి అగ్రకులములవారిపై ఉమిసి నోటికి వచ్చినట్లు దూషించుచుండ, వారు తలవంచి సహింతురు. ఏడాది పొడుగునను అంటరానిదైన స్త్రీ ఆ యొక్క దినమున పావనురాలగును! ఇంతకంటె ఘాటైన సంఘవిమర్శ యేమి కావలయును? పిమ్మట గురువుల కథలు వచ్చును. పోతులూరి వీరబ్రహ్మముగారి బోధయు, రాజయోగ సాధనయు మాదిగవాడలను చేరి, అచ్చటి మనుష్యులలో ఎట్టి తృష్ణను పుట్టించినవో ఇందు తెలియును. మాదిగవారికి కడుపాకలి దప్ప వేరాకలి లేదను మన అజ్ఞానమున కిది చాలిన సమాధానము.

ఈ తృష్ణ గలవారిలో నొకడు యర్రగుంట్ల పేరయ్య. రాజయోగమును సాధించిన ఇతడు తోళ్ల బేరమునకై ఉత్తరపు సీమలకు పోవుచు ఏలూరి ప్రాంతమున క్రైస్తవబోధను వినెను. 1866లో నెల్లూరు మిషనునకు చెందిన జ్యూవెట్ ఇతనికిని, ఇతని భార్య నాగమ్మకును బాప్తిస్మ మిచ్చెను. క్లౌ ఒంగోలున నివాస మేర్పరచుకొనినదియు ఆ సంవత్సరముననే. 1867 జనవరి 1వ తేదిని అచ్చట సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనమండుగురు. 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఎనిమిదికిని ఈ సంఖ్యకును నడుమ నున్నది పదునొకం డేండ్లు మాత్రమే.

దీనికి కారణము కరవుగంజియే యని కొందరందురు. ఆ కరవు దినములలో క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు గుత్తను తీసికొని వేలమందికి పని చూపిన మాట నిజమే. కాని కరవు సాగినంత కాలము బాప్తిస్మము లీయక నిలిపివేసెనను మాటయు నంతే నిజము. కూటికై వచ్చినవారైనచో కరవు తీరిన పిదప వారికి నదియొడ్డున పనియేమి? అసలు కారణమును ఈ గ్రంథము మనకు పేరయ్య ప్రయాణములలో చూపును. ఆ మాట రచ్చబండ యుపన్యాసముల వలన వ్యాపింపలేదు. వియ్యంకుని యింటికి, మేనమామ యింటికి, ఆడుబిడ్డనిచ్చిన పల్లెకు బంధుత్వపు త్రోవనే నడచినది. ఒక్కొక్క పల్లెలో పెద్దలు కూర్చుండి ఆలోచించిన పిదప కుటుంబములు కుటుంబములుగా కదలినవి. విశ్వాసము ఏకాంతమున ఒక్క మనుష్యుని హృదయములో పుట్టవలెనని తలంచు పాశ్చాత్యున కిది వింత. ఇంటిల్లిపాదియు ఒక్క కంచములో తిను మనకు వింత కాదు.

అట్లని ఈ మార్పు సులభముగా జరుగలేదు. క్రొత్తగా చేరువారికి క్లౌ పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చదువుట కివి మతనియమములవలె తోచును. పల్లెలో నివి వెట్టిచాకిరి వేళ్లపై పడిన గొడ్డలివ్రేటులు. వెట్టివాడు వారమున కొకదినము రాననినచో కాపు చేను నిలిచిపోవును. చచ్చిన గొడ్డు వానికి హక్కును, సంకెలయు గూడ. జాతరలో డప్పు కొట్టననుట గ్రామమంతటికిని ఎదురు తిరుగుటయే. కావుననే కరణములును, మునసబులును, కాపులును వారిని బాధించిరి. వారు కోపించినది క్రీస్తుపై గాదు, చేయి జారిపోవుచున్న చాకిరిపై. ఈ సంగతిని తేటగా గ్రహించుటకు ఈ గ్రంథముతోపాటు 1914లో ప్రకటింపబడిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ అను క్లౌ జీవితకథను గూడ చదువవలెను.

ఆ రెండవ గ్రంథమును వ్రాసినదియు ఎమ్మాయే. క్లౌ 1910లో మరణించెను. అందులోని ‘నేను’ ఆయన, కలము ఆమెది. స్త్రీస్వాతంత్ర్య వాదినిని గూర్చి పట్టము పొందిన విదుషి భర్త గొంతుతో మాటలాడుట చదువరిని ఆలోచింపజేయును. ఆ గ్రంథము ఉపయుక్తమైనదే, కాని అందు మరల దొర మాటలాడును, తెలుగువాడు వినును. మొదటి గ్రంథమున కున్న జీవము దాని కేల లేదో వేరుగ చెప్ప నక్కరలేదు.

మొదటి గ్రంథమునకు దోషములు లేకపోలేదు. దాని యుపశీర్షికలో ‘తెలుగు పరయా జాతి’ యను మాట కలదు. ‘పరయ’ యనునది తమిళదేశపు కులము పేరు; మాదిగలకు తమ పేరు తమకున్నది. విదేశ పాఠకునికి సులభముగా బోధపడుట కొరకు ఒకరి పేరు మరియొకరికి తగిలించుట వినువారు చేయదగిన పని కాదు. అంతకంటె పెద్ద దోషము దృష్టికి సంబంధించినది. మాతంగియు, వీరబ్రహ్మమును, రాజయోగ గురువులును క్రీస్తు గుడి కెక్కు మెట్లుగా మాత్రమే తుదకు కనబడుదురు. పేరయ్య యోగమును విడిచెనా, లేక ఆ యోగముతోనే క్రీస్తును ధ్యానించెనా యను ప్రశ్న ఉదయించిన చోటనే అణగిపోయినది. నాగమ్మ కథయు పేరయ్య కథలోని భాగముగానే మన కందినది. ఇంటి విశ్వాసమును నిలిపినది, పిల్లలకు ప్రార్థన నేర్పినది, వెలివేయబడిన దినములలో పొయ్యి రగిల్చినది ఇల్లాలే గదా! ఆమె ఏమి తలంచెనో ఆడుది యడిగిన గాని తెలియదు. అడుగదగిన ఆడుది ఎదుట నుండియు ఆ ప్రశ్న చాలినంత అడుగబడలేదు.

ఆ బంధుత్వపు త్రోవ సముద్రము వరకు పోయి ఆగలేదు. చెరకు తోటలకును, తేయాకు తోటలకును కూలికై నెటాలునకు పోయిన తెలుగువారి నడుమ పనిచేయుటకు, 1903లో నెల్లూరి సీమవాడైన జాన్ రంగయ్యను తెలుగు బాప్టిస్టులే కుటుంబముతో కూడ దక్షిణాఫ్రికాకు పంపిరి. బోధకుల కొరకు విదేశములవైపు చూచిన సంఘము తానే విదేశమునకు బోధకుని పంపినది. కాని అదే సంఘము ఇంటియొద్ద చేయవలసిన పని మిగిలియున్నది. ఒకే రొట్టెను విరుచుకొను బల్లయొద్ద గూడ మాల మాదిగల నడుమ గోడ అనేక సంఘములలో కూలలేదు. పెండ్లిసంబంధముల మాట వచ్చినచో ఆ గోడ ఇంకను ఎత్తగును. బంధుత్వపు త్రోవను వచ్చిన విశ్వాసము బంధుత్వపు కంచెను గూడ వెంట తెచ్చుకొనినది. దాని బలమును చక్కగా చిత్రించిన ఈ గ్రంథము ఆ బలములోనే యున్న ఈ బలహీనతను చూడలేకపోయినది.

ఇన్ని దోషము లున్నను ఇది మన యిండ్లలో ఉండదగిన గ్రంథము. క్రైస్తవ గృహములలో పూర్వులను గూర్చి బిడ్డలకు చెప్ప సిగ్గుపడువారు దీనిని చదివినచో తలయెత్తుకొందురు. ఇతరులకు దీని వలన కలుగు మేలు మరియొకటి. మనము చెప్పులను గడప వెలుపల విడిచితిమి. వానిని కుట్టినవానిని గూడ అచ్చటనే నిలిపితిమి. అచ్చట కూర్చుండి అతడేమి చెప్పుకొనుచుండెనో వినుటకు సముద్రము దాటి యొక స్త్రీ రావలసివచ్చెను. ఆమె వ్రాసినదానిలో తప్పులు పట్టుటకు మనకు హక్కు కలదు. కాని ఆమె విన్నంతయైన మనము వినలేదన్న సంగతి మరవని వారికే ఆ హక్కు శోభించును.