అంకెలు కనిపించని టేపు

కడుపులో బిడ్డ సరిగ్గా ఎదుగుతోందా అని చూసే సాధనాల్లో అన్నిటికన్నా చవకైనది సాగని టేపు. పనితనమంతా దాన్ని పట్టే చేతిలో ఉంది.

ముందు గర్భిణిని మూత్రానికి వెళ్లి రమ్మంటారు. మూత్రాశయం నిండి ఉంటే కొలత పెరిగిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు చాపమంటారు. ఎడమచేతి చిటికెనవేలి వైపు అంచును ఛాతీ కింద నుంచి మెల్లగా దించుకుంటూ వస్తే, మెత్తటి పొట్టలో ఒకచోట గుండ్రటి గట్టిదనం తగులుతుంది. అది గర్భాశయం పైఅంచు. అది సరిగ్గా నడిమధ్యనే ఉండాలని లేదు, ఓ పక్కకు ఒరిగి ఉండొచ్చు; తెలిసిన చేయి దాన్ని ఉన్నచోటే పట్టుకుంటుంది. అక్కణ్నుంచి కింద జఘనాస్థి పైఅంచు దాకా టేపును ఒంటికి ఆనించి పరుస్తారు.

నేను ముచ్చటపడేది టేపును బోర్లా వేయడం. 24 వారాలు దాటాక సెంటీమీటర్లు, వారాలు ఇంచుమించు సమానం. కార్డులో 30 వారాలని చూసిన చేయి, తనకే తెలియకుండా 30 దగ్గర ఆగుతుంది. అందుకే అంకెల వైపు కిందికి పెట్టి, కొలిచాకే తిప్పి చూస్తారు. మన నాగపూర్ సహా ఎనిమిది దేశాల్లోని ప్రాంతాల్లో గర్భిణులను కొలిచి, 2016లో ప్రమాణాలు ప్రకటించిన ఇంటర్‌గ్రోత్-21 బృందమూ అంకెలు కనబడకుండానే కొలిచింది.

2020లో కరోనా వచ్చి బ్రిటన్‌లో చాలా సంప్రదింపులు ఫోన్‌కెక్కాయి. బీపీ, బిడ్డ కదలికలు ఫోన్‌లో చెప్పొచ్చు. ఈ కొలతను చెప్పడం కష్టం. అక్కడి ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ కనీసం ఆరుసార్లయినా ఎదురెదురుగా చూడాలంది. గర్భిణులే కొలుచుకుంటే? స్వీడన్‌లో అదీ చూశారు. మంత్రసానుల కొలతలకన్నా వాళ్లవి ఎక్కువ చెదిరాయి. ప్రతిసారీ పలుమార్లు కొలుచుకోవాల్సి వచ్చింది.

టేపును మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. ఒళ్లున్నవాళ్లలో, గర్భాశయంలో గడ్డలున్నవాళ్లలో, బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు పొరపడుతుంది. ఎదగని బిడ్డలను చాలామందిని వదిలేస్తుంది కూడా. దాని పని అనుమానం రేపడమే. వరుస కొలతల గీత పైకెక్కడం మానేస్తే స్కాన్‌కి పంపుతారు, అవసరాన్నిబట్టి డాప్లర్ చేసి బొడ్డుతాడులో రక్తప్రవాహం చూస్తారు.

అందుకే ఫోన్ సంప్రదింపులకన్నా, మన ప్రభుత్వ టెలీవైద్య సేవ ఈ-సంజీవనిలో ఆరోగ్య కేంద్రాల పద్ధతే నాకు మేలనిపిస్తుంది. డాక్టరు తెరమీద ఎక్కడో ఉంటారు; గర్భిణి పక్కన మాత్రం టేపు పట్టడం వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఉండొచ్చు.