లీలావతి కుమార్తెలు: ఒక పరిశీలన

భారతీయ శాస్త్రజ్ఞురాండ్ర జీవితములను దాదాపు నూరింటిని ఒక్కచోట చేర్చిన ఆంగ్లగ్రంథము ‘లీలావతీస్ డాటర్స్’. బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారు దీనిని 2008లో ప్రకటించినారు. సంపాదకులు రోహిణీ గోడ్బోలే, రామ్ రామస్వామి గారలు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను భండారు అచ్చమాంబగారు 1901లోనే వెలువరించియున్నందున ఇటువంటి కూర్పు తెలుగువారికి కొత్త కాదు.

పేచీ అంతయు పేరుతోనే. ‘లీలావతి’ 1150లో భాస్కరాచార్యుడు రచించిన గణితగ్రంథము. ఆమె ఆయన కుమార్తె యనియు, గడియారపు నీటిలో ముత్యము పడి పెండ్లిముహూర్తము తప్పినదనియు చెప్పు కథ 1587 నాటి ఫైజీ పారశీకానువాదము వలన వ్యాపించినది. ఆమె స్వయముగా ఒక లెక్కయైనను వ్రాసినట్లు ఆధారము లేదు. తండ్రి అడిగిన ప్రశ్నలు వినిన బాలిక పేరును, తామే ప్రకృతిని ప్రశ్నించిన స్త్రీలకు తగిలించుట ఎంతవరకు సబబు?

గ్రంథములో బలము కల భాగములు అడ్డంకులను దాచని జీవితములు. 1933లో కమలా సొహోనీ గారికి బెంగుళూరు ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రవేశము స్త్రీ యను కారణమున సర్ సి. వి. రామన్ నిరాకరించినారు. ఆమె పట్టు విడువలేదు. చివరకు ఒక సంవత్సరము పరీక్షార్థము చేర్చుకొన్నారు. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందినారు. మొక్కల కణములలో సైటోక్రోమ్ సి యను శ్వాసక్రియకు అవసరమగు ప్రోటీను కలదని చూపినది ఆమెయే. రామన్ ప్రయోగశాలలోనే వజ్రముల, కెంపుల వర్ణపటములను పరిశోధించిన అన్నా మణి గారికి మద్రాసు విశ్వవిద్యాలయము ఎం.ఎస్‌సి. పట్టము లేదను కారణముచే డాక్టరేటు ఈయలేదు. గొప్ప శాస్త్రజ్ఞుని గౌరవమునకు భంగమని ఇట్టివి మరుగుపరచకుండుట మెచ్చదగినది.

అయితే వ్యాసములు పొట్టివి. కొన్ని ఉద్యోగముల, బహుమతుల పట్టికవలె సాగినవి. శాస్త్రము పలుచబడినది. సైటోక్రోమ్ ఏమి చేయునో తెలియని విద్యార్థికి సొహోనీ గారి గొప్పతనము మాటగానే మిగులును.

ఇంతకంటె పెద్ద లోపము విభా చౌధురి (1913–1991) లేకపోవుట. ఆమె డి. ఎం. బోస్ గారితో కలసి డార్జిలింగు, సందక్‌ఫూ ఎత్తులలో ఛాయాచిత్రపు పలకలను విశ్వకిరణములకు నెలల తరబడి ఉంచినారు. విద్యుదావేశము కల కణము పలకలోని రసాయనమును తాకుచు పోవునప్పుడు నల్లని చుక్కల బాట ఏర్పడును. చుక్కల సాంద్రతను, బాట వంకరలను కొలిచి కణపు ద్రవ్యరాశి ఎలక్ట్రానుకు సుమారు 200 రెట్లని లెక్కించి, 1941 మొదలు ‘నేచర్’ పత్రికలో ప్రకటించినారు. యుద్ధకాలమున మేలైన పలకలు దొరకక పని నిలిచినది. ఈ ఛాయాచిత్రపద్ధతినే అభివృద్ధిపరచిన సెసిల్ పావెల్ గారికి 1950లో నోబెల్ బహుమతి వచ్చినది. 1949లో బొంబాయి టాటా సంస్థలో చేరిన తొలి పరిశోధకురాలు కూడ చౌధురి గారే. మరుసటి ముద్రణలో సంపాదకులు మొట్టమొదట పూరింపవలసిన ఖాళీ ఇదే.