'అలా మొదలైంది'ని కణేకల్‌లో వేస్తే

రీ-రిలీజ్ అంటే మనకిప్పుడు హీరో పుట్టినరోజు. 2022లో మహేశ్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి', పవన్ కళ్యాణ్ పుట్టినరోజుకి 'జల్సా' మళ్లీ థియేటర్లకొచ్చాక ఆ లెక్క గట్టిపడిపోయింది. కాగితాలు ఎగరేసి, ఈలలేసి చూడ్డంలో మజా ఉంది, కాదనను. కానీ ఏ పాత సినిమా తెర మీదికి రావాలో అభిమానుల క్యాలెండరే తేలిస్తే, డైరెక్టర్ పేరుతో గుర్తుంచుకోవాల్సిన కామెడీకి ఏ తేదీ మిగులుతుంది?

నందినీరెడ్డి మొదటి సినిమా 'అలా మొదలైంది' 2011 జనవరిలో వచ్చింది. గౌతమ్ (నాని), నిత్య (నిత్యా మీనన్) కలిసేది ఒక పెళ్లిలో. పెళ్లికూతురు అతను ప్రేమించిన అమ్మాయి, పెళ్లికొడుకు ఈమె ప్రేమించినవాడు. ఇద్దరూ తాగుతారు. మన సినిమాల్లో తాగిన ఆడపిల్ల అంటే అయితే బుద్ధి చెప్పించుకోవాలి, లేదంటే చెడిపోవాలి. నిత్యకి ఆ రెండూ జరగవు. తూలుతుంది, వాగుతుంది, అందరితో పాటు మనమూ నవ్వుతాం. తెల్లారాక ఆమె మర్యాద ఎక్కడికీ పోదు. వెర్రిగా ప్రవర్తించే హక్కు హీరోకి ఎప్పుడూ ఉంది. నందిని దాన్ని హీరోయిన్‌కీ సమంగా పంచింది.

లోపం లేదా అంటే, ఉంది. కథంతా గౌతమ్ తనని కిడ్నాప్ చేసిన జాన్ అబ్రహామ్‌కి (ఆశిష్ విద్యార్థి) కారులో చెప్పేది. అంటే నిత్య గురించి ఒక మగాడు ఇంకో మగాడికి చెప్తే మనం వింటున్నాం. ఒకరు మనసు విప్పే వేళకి ఇంకొకరు చేజారిపోయే ఆట కూడా సెకండాఫ్‌లో కాస్త సాగుతుంది. అయినా కథ చెప్పేవాడి పట్టులోంచి నిత్య తప్పించుకుంటూనే ఉంటుంది. లక్ష్మీభూపాల్ మాటలు, ఆమె తెలుగులో ఉన్న ఆ తొందర కలిసి, అతను చెప్పినదానికంటే పెద్ద మనిషిని మన ముందు నిలబెడతాయి.

దీన్ని హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో కాక కణేకల్‌లో వేయాలని నా కోరిక. అనంతపురం జిల్లాలో, హగరి ఇసుక పొలాల మీదికి పాకే చోటు అది. కరువు ఊరు అనగానే మనకి కన్నీళ్ల డాక్యుమెంటరీ గుర్తొస్తుంది. వాళ్లకి కరువుని మళ్లీ మనం చూపించాలా? ఇంకో కారణం, బళ్లారి దగ్గరే. తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్లారిలో లాయరుగా, నటుడిగా బతికిన రాఘవ, ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. స్టేజీ ఎక్కడం మొదటి మెట్టయితే, ఎక్కడ నవ్వించాలో తనే తేల్చుకోవడం తర్వాతి మెట్టు. భానుమతి 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసినా, ఆ మెట్టు ఎక్కినవాళ్లని ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెడుతున్నాం.

ఫోన్‌లో చూస్తే నిత్య తాగిన సీనుకి ఒక్కరమే నవ్వుకుంటాం. హాల్లో అయితే ముందు వరసలో మగవాళ్లు నవ్వుతారు. వెనక వరసలో కూర్చున్న అమ్మాయి అమ్మవైపు ఒకసారి చూసి, అమ్మ కూడా నవ్వుతోందని తెలిశాక నవ్వుతుంది. ఆ రెండో నవ్వు కోసమైనా ఈ సినిమాకి ఒక తేదీ కావాలి.