సాక్షివాక్య విమర్శము

చూచినదానిని విన్నదానిని వేఱుపఱచి పలుకుట సాక్షికెంత యావశ్యకమో, వేఱుపఱచి చదువుట విమర్శకున కంత యావశ్యకము. శబ్దశాస్త్ర మభ్యసించినవారికిది క్రొత్త విషయము కాదు. పాణిని యనద్యతన భూతమునకు లఙ్లకారమును, అందును వక్త కన్నులయెదుట జరుగనిదానికి లిట్లకారమును విధించెను. కాత్యాయనుడు దీనికొక వార్తికమును చేర్చెను. వక్త చూడకున్నను, లోకమెల్ల నెఱిగినదై, యతడు చూడదగిన కాలమున జరిగినదైనచో నచట లఙ్ఙే చెల్లునని దాని తాత్పర్యము. యవనుడు సాకేతమును ముట్టడించుట పతంజలి చూపిన యుదాహరణము. చూచినదానికిని, చూడదగియు చూడనిదానికిని ఇట్లు రూప మొక్కటియే యగుటచే, వినువాడు రెండవదానిని మొదటిదానిగా గ్రహించు నవకాశము కలిగెను. తెనుగున నీ చిక్కును తీర్చునది "అట" యను చిన్నమాట.

ఈ చిన్నమాట లోపించిన నేమగునో యైర్లండు చరిత్రము తెలుపును. అచటి యల్‌స్టరు సీమలో కథోలికుల భూములు 1609 మొదలుగా నాంగ్ల, స్కాటు ప్రొటెస్టెంటు వలసదారులకు పంచిపెట్టబడెను. 1641 అక్టోబరున కథోలికులు తిరుగబడిరి. సొత్తు కోల్పోయిన వలసదారుల వాఙ్మూలములను హెన్రీ జోన్సు ప్రముఖుడుగా గల సంఘము వ్రాయించెను. సుమారు 8,000 వాఙ్మూలములు 31 సంపుటములుగా డబ్లిను ట్రినిటీ కళాశాలలో నేటికిని గలవు. సాక్షి మొదట తన పసులు, ధాన్యము, ఇల్లు, రావలసిన బాకీలు లెక్క చెప్పును. పిదప తాను చూచిన దౌర్జన్యమును జెప్పును. ఇతరులవలన విన్నదానిని విన్నట్లు చెప్పుటయు పెక్కింట గలదు. 1646లో జాన్ టెంపిలు తన గ్రంథమున నీ రెంటిని కలిపివేసి, చంపబడినవారును వెడలగొట్టబడినవారును మూడులక్షలకు మించిరని వ్రాసెను. నేటి చరిత్రకారులు హతుల సంఖ్యను వేలలోనే లెక్కింతురు. 1649లో ద్రోగెడా పట్టణమున క్రాంవెలు చేయించిన సంహారమున కిట్టి కథలే సమర్థనము లయ్యెను. సాక్షి "అట" యన్నచోట గ్రంథకర్త దానిని తుడిచివేసెను; ఆ తుడుపునకు వెల యితరులు ప్రాణములతో చెల్లించిరి.

మునగాల పరగణా యీ విచారమునకు తగిన స్థలము. నేడు సూర్యాపేట జిల్లాలోనున్న యీ పరగణా యానాడు కృష్ణాజిల్లాకు చెందియు నిజాము రాజ్యముచే చుట్టబడి యుండెను. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమున, ఎల్ల కావల కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతములలో జరిగిన దంతయు మునగాలవారికి లోకవిజ్ఞాతమే, చూడదగినదే. కాని చూచినది కాదు. "బండ్లు దిగినయి, ఆవల ఊరు కాలిందంట" యను వాక్యమునందు మొదటి క్రియ ప్రత్యక్షము, రెండవది శ్రుతము. కాత్యాయనుని వార్తికమునకు మన గడ్డపై నింతకంటె మంచి లక్ష్యము దొరకదు.

ఇక గ్రంథములను జూతము. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రకటించిన "మనకు తెలియని మన చరిత్ర" యా పోరాటమున పాల్గొన్న స్త్రీల వాక్యసంపుటము. విసునూరు దేశముఖుతో భూమికై పోరాడిన పాలకుర్తి చిట్యాల ఐలమ్మ వాక్యమందు గలదు. దీని ముఖ్యగుణము చెప్పినదానిని చెప్పిన మాటతోనే ముద్రించుట. నేను గ్రాంథికపక్షమువాడను, అయినను నిజము చెప్పవలెను. మావంటివారు దీనిని సంస్కరించి యుండినచో "కాలిందంట" యనునది "దగ్ధమయ్యెను" అయి యుండెడిది. భాష శుద్ధమగును, సాక్ష్యము చచ్చును. లోపములును గలవు. సుమారు ముప్పదియైదేండ్ల పిమ్మట చెప్పిన జ్ఞాపకము లగుటచే కాలక్రమము నితరాధారములతో సరిచూడవలెను. సంఘపక్షమున నిలిచినవారి వాక్యములే యిందు ప్రధానములు.

రెండవపక్షపు నష్టమును తెలుపునది సుందర్‌లాల్ సంఘపు నివేదిక. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన సైనికచర్య పిమ్మట, నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాలు, ఖాజీ అబ్దుల్ గఫారు మున్నగువారు పదునాఱు జిల్లాలలో తొమ్మిదింట సంచరించిరి. చర్యాకాలమునను పిమ్మటను 27,000 మొదలు 40,000 వఱకు జనులు మడసిరని యంచనా వేసిరి. మృతులు ప్రధానముగా ముసల్మానులు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్ట మెక్కువ. దశాబ్దములు ప్రకటింపబడని యీ నివేదికయందు నే మెచ్చునది యొకటి గలదు. తాము వెళ్లని 109 గ్రామములవారిని 500 మందికి పైగా విచారించితి మని వారే వ్రాసిరి. అనగా దృష్ట మింత, శ్రుత మింత యని హద్దు చూపిరి. ముసల్మాను సాలెవారిని హిందూ సాలెవారు ప్రాణము లొడ్డి కాపాడిన సంగతియు మఱుగుపఱుపలేదు.

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకారులును నిజాము పోలీసులును చేసిన సంహారమును చదివి కన్నీరు పెట్టువారు కొందఱు ఈ నివేదికను కల్పన యందురు. నివేదికను నమ్మువారు కొందఱు బైరాన్‌పల్లిని మాటాడరు. ఇరువురును తమకు ప్రియమైన వాక్యమున "అట"ను తొలగింతురు, అప్రియమైన వాక్యమున చూచినదానికిని "అట"ను తగిలింతురు. వ్యాకరణము పక్షమునుబట్టి మాఱునా?

మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, చరిత్రమునకు ప్రమాణము కావలెనని తెలుగువారికి నేర్పిరి. బడులలో భూతకాలక్రియను బోధించు పండితమిత్రులకు నాదొక్కటే మనవి. విద్యార్థి "ఊరు కాలెను" అని వ్రాసినచో, "నీవు చూచితివా?" యని యడుగుడు. లేదన్నచో నొక్క "అట"ను చేర్పింపుడు.