బెదిరింపు లేఖలు, ప్రేమలేఖలు

ప్రసిద్ధులకు వచ్చు లేఖలలో దేనికి భయపడవలెనని మన యిండ్లలో ఎవరి నడిగినను ఒక్కటే సమాధానము వచ్చును. చంపెదనని వ్రాసినదానికి భయపడవలెను. పెండ్లాడెదనని వ్రాసినదానిని నవ్వి చించివేయవచ్చును. ఈ సమాధానము తప్పని చూపిన రెండు పరిశోధన వ్యాసములను 1991లో అమెరికా మానసిక వైద్యుడు పార్క్ డీట్జ్, ఆయన సహచరులు ప్రకటించిరి. ఒకటి హాలీవుడ్ నటీనటులకు వచ్చిన లేఖలను గూర్చినది. రెండవది అమెరికా కాంగ్రెసు సభ్యులకు వచ్చినవానిని గూర్చినది. వీనిపై మా యభిప్రాయమును కొంత విన్నవింపదలచితిమి.

నటీనటుల వ్యాసమునకు గావిన్ డి బెకర్ అను రక్షణ నిపుణుని కార్యాలయమున భద్రపరచిన కాగితములు ఆధారము. 1,800 లేఖాదులను పరిశోధకులు చదివిరి. వానిని వ్రాసినవారిలో 107 మంది ఆ నటులను వెదకికొని వెళ్లినవారు, 107 మంది వెళ్లనివారు. (వ్రాసినవారిలో సగముమంది వెళ్లుదురని దీనికర్థము కాదు, పోల్చుటకై రెండు పక్షములను సమముగా ఎన్నుకొనిరి.) లేఖలో బెదిరింపు ఉన్నదా లేదా అనుదానినిబట్టి వ్రాసినవాడు వచ్చునో రాడో చెప్పుటకు ఏమాత్రమును వీలులేదని తేలినది. కాంగ్రెసు సభ్యుల విషయమున మరియు విచిత్రము: బెదిరించినవారే తక్కువగా వచ్చిరి. నటులను వెదకి వెళ్లినవారి లేఖలలో కానవచ్చినవి వేరు. ఏడాదికి మించి విడువక వ్రాయుట, ఒక్కచోటినుండి గాక పలుచోట్లనుండి వ్రాయుట, ముఖాముఖి చూడవలెనని కోరుట, ఫలానా దినమున ఫలానా చోటునకు వచ్చెదనని తెలుపుట.

1989 జూలైలో రెబెకా షేఫర్ అను యువనటిని ఆమె వాకిటనే కాల్చి చంపినవాడు ఆమెను ఆరాధించుచు ఏండ్ల తరబడి ఉత్తరములు వ్రాసినవాడే. ఆమె చిరునామాను ఒక ప్రైవేటు డిటెక్టివు ద్వారా కాలిఫోర్నియా మోటారు వాహనముల శాఖ దస్తరములనుండి సంపాదించెను. అట్టి చిరునామాల వెల్లడికి అడ్డుకట్ట వేయు చట్టము అమెరికా దేశమంతటికిని వర్తించునట్లు 1994లో గాని రాలేదు.

కావున లేఖను చించివేయక, తేదీతోను కవరుతోను దాచవలెనని మేము చెప్పుదుము. పరిశోధకులు లెక్కించినవన్నియు అట్లు దాచినందుననే లెక్కకందినవి గదా!

మా యాక్షేపణ మొకటున్నది. ఈ వ్యాసములు కొలిచినది వచ్చుటను మాత్రమే. హాని చేయుటను గాదు. వచ్చినవారందరును హంతకులు కారు. రానివారందరును నిరపాయులని చెప్పుటయు సరికాదు. చంపెదనను లేఖ నందుకొనిన స్త్రీ సభకు వెళ్లుట మానినచో, వ్రాసినవాడు గడప దాటకయే తన కార్యము సాధించుకొనెను. ఆ నష్టమునకు ఈ లెక్కలలో గడి లేదు.

అంతకంటె ముఖ్యమైన మాట. ఈ ఫలితము ప్రసిద్ధులకును, వారెరుగని అపరిచితులకును సంబంధించినది. విడిచిపెట్టిన భర్తయో, ఒకప్పటి ప్రియుడో బెదిరించినపుడు ఆ బెదిరింపు నిజముగానే హింసకు ముందుగుర్తు కావచ్చునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. "బెదిరించువాడు రాడట" అని ఏ తండ్రియైనను పుట్టింటికి వచ్చిన కూతురిని ఊరడించి పంపినచో అది ఘోరమగును.

మన చట్టమును జూడుడు. పేరు దాచి బెదిరించుటను భారత శిక్షాస్మృతి 1860లోనే 507వ సెక్షనున నేరముగా నెంచినది. వలదన్నను విడువక స్త్రీ వెంటబడుటను ప్రత్యేక నేరముగా గుర్తించుటకు 2013 వరకు, అనగా 354-డి సెక్షను చేర్చువరకు, ఆగవలసివచ్చెను. 2024 జూలై 1 నుండి ఈ రెండును భారతీయ న్యాయసంహితలోనికి మారినవి. నూటయేబది యేండ్లు మన శాసనకర్తలు కూడ కోపపులేఖనే చూచిరి. తేనెలొలుకు నూరవ లేఖను చూడలేదు.

ఈ వ్యాసములను తెలుగున సంగ్రహింప బూనువారు, అపరిచితునికిని ఇంటివానికిని గల ఈ భేదమును మొదటి పుటయందే వ్రాయుదురు గాక.